మా కారుకి ముక్కెందుకు ఉబ్బింది?

ప్రశ్న: మూడు నెలల క్రితం కారు కొన్నాను. ముదురు నీలం రంగు సెడాన్. ఎదురుగా నిలబడి చూస్తే ఎంత బాగుంటుందో చెప్పలేను. ఫోన్‌తో ఫొటో తీస్తే మాత్రం ముక్కు ఉబ్బినట్టు, వెనక భాగం ఎవరో నొక్కేసినట్టు వస్తోంది. రూల్ ఆఫ్ థర్డ్స్ (ఫ్రేముని అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి, తీసేదాన్ని ఆ గీతల మీద పెట్టడం) పాటించాను, ఆ గీతలు చూపించే గ్రిడ్ ఆన్ చేశాను. అయినా అంతే. మూడు ఫొటోలు పంపుతున్నాను. మంచి కెమెరా కొనమంటారా?

జవాబు: కెమెరా సంగతి ఇప్పుడొద్దండీ. మీ మూడు ఫొటోల్లో మూడు రకాల తప్పులున్నాయి. మూడూ నేనూ చేసినవే కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను.

మొదటి ఫొటోలో హెడ్‌లైటుకి మీ ఊపిరి తగిలేంత దగ్గర నిలబడ్డారు. ఫోన్లలో మెయిన్ కెమెరా చాలావరకు 24 నుంచి 26 మిల్లీమీటర్ల లెన్సుకి సమానం, అంటే వైడ్. దగ్గర నించున్నా కారంతా ఫ్రేములో పట్టేస్తుంది కదా, అందుకే మనకి తెలియకుండానే ముందుకి వెళ్లిపోతాం. అక్కణ్ణుంచి బంపరు మీకు 2 మీటర్ల దూరంలో ఉంటే డిక్కీ 6 మీటర్లు దాటి ఉంటుంది, మూడు రెట్లు ఎక్కువ. అందుకే ఆ ముక్కు. అదే 10 మీటర్లు వెనక్కి వెళ్లండి. బంపరు 10, డిక్కీ 14 చిల్లర, తేడా ఒకటిన్నర రెట్లు కూడా లేదు. ఇప్పుడు 2ఎక్స్ గానీ 3ఎక్స్ గానీ నొక్కండి. మీ కళ్లు ఇష్టపడ్డ కారు అప్పుడు కనిపిస్తుంది. ఫోన్‌లో విడిగా టెలి లెన్సు (దూరాన్ని దగ్గరగా చూపేది) లేకపోయినా దిగులు పడక్కర్లేదు, వెనక్కి జరిగి తీసి తర్వాత క్రాప్ చేసుకున్నా ఆకారం సరిగ్గానే ఉంటుంది. ముక్కు తగ్గేది మీరు వెనక్కి నడిచినందుకే, జూమ్ వల్ల కాదు.

వెనక్కి జరిగాక కూర్చోండి. నిలబడి కంటి ఎత్తు నుంచి తీస్తే కారు పైకప్పే ఎక్కువగా కనిపించి బొమ్మ కారులా ఉంటుంది. ఫోన్ హెడ్‌లైటు ఎత్తులో ఉంటే చాలు. మరీ నేలకి ఆనిస్తే టైర్లు పెద్దవై, ఆ కారేదో మనమీదికి వస్తున్నట్టుంటుంది. కొందరికి అదే ఇష్టం, నాకు కాదు. నా డిక్కీలో ఎప్పుడూ ఒక పాత చాప ముక్క ఉంటుంది, మోకాళ్ల కింద వేసుకోవడానికి.

ముందు చక్రాల మాట కూడా ఇక్కడే చెప్పాలి. మీరు కారు ముందువైపు ఎడమ మూల (లోపల కూర్చున్నవాళ్లకి ఎడమ) దగ్గరుంటే స్టీరింగు కుడికి తిప్పి వదిలేయండి. కుడి మూల నుంచైతే ఎడమకి. అప్పుడు చక్రం ముఖం, అలాయ్ వీల్ డిజైను కెమెరా వైపు తిరుగుతాయి. అటు కాక ఇటు తిప్పితే నల్లటి టైరు గాట్లే కనిపిస్తాయి.

రెండో ఫొటోలో కారు బాగుంది. కానీ నెత్తిన పిలకలాగా కరెంటు స్తంభం లేచింది. వెనకున్న గోడ పైఅంచు కూడా సరిగ్గా అద్దాల మధ్యలోంచి పోయింది, కారుని అడ్డంగా కోసినట్టు. ఒక అడుగు పక్కకి జరిగితే స్తంభం పోయేది, ఇంకొంచెం కిందికి దిగితే గోడ గీత డోర్ల వెనక దాక్కునేది. మరొకటి, మీది ముదురు నీలం, వెనక దట్టమైన చెట్లు. రెండూ కలిసిపోయి కారు అంచెక్కడో తెలియలేదు. ముదురు కారుకి వెనకాల లేత రంగు గోడో ఆకాశమో కావాలి. కారుని గోడకి ఆనించి పెట్టకుండా కొంచెం ముందుకి తెచ్చి ఆపితే వెనకదంతా మసకబారే అవకాశం కూడా దొరుకుతుంది.

రూల్ ఆఫ్ థర్డ్స్ అన్నారు. పాటించారు, నిజమే, కానీ కారు ముక్కు ఫ్రేము అంచుకి గుద్దుకుంటోంది, ఖాళీ అంతా వెనక మిగిలింది. ముక్కు ముందు జాగా వదలండి. తిన్నగా ఎదురు నుంచి తీసేటప్పుడు ఆ థర్డ్స్ గొడవే వద్దు, నడిమధ్యలో పెట్టేయండి.

ఇక మూడోది. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. కారు ఫొటో బాగా రాకపోతే పదింట ఆరుసార్లు కారణం ఇదేనని నా అనుమానం.

కొన్నేళ్ల క్రితం నా పాత నల్ల కారు అమ్ముదామని ఒక పొద్దున్న రెండు గంటలు కూర్చుని, లేచి, పాకి ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద చూస్తే వెనక డోరులో ఒక మనిషి. నారింజ రంగు టీషర్టు, కాళ్లు రెండూ ఎడంగా పెట్టి పీతలా నించున్నాడు. నేనే. ముప్పై ఫొటోల్లోనూ ఉన్నాను. అప్పటినుంచి కారు ఫొటోలకి ముదురు రంగు చొక్కానే.

కారు ఒంటినిండా అద్దమే. కారు వెనక ఏముందో అందరూ చూసుకుంటారు. కానీ డోరు మీద పడేది మీ వెనకాల ఉన్నది. మీ మూడో ఫొటోలో డోరు నిండా కిటికీలు, ఒక స్కూటరు, చెత్తబుట్ట ఉన్నాయి. వాటి కింద మీ నీలం రంగు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఈసారి కారుని చూడకండి, డోరుని చూడండి. తల మెల్లగా పైకీ కిందికీ కదపండి. నేలా ఆకాశం కలిసే గీత డోరు మీద జారుతూ ఉంటుంది. అది హ్యాండిళ్ల దగ్గరున్న మడత వెంబడే, వంకర లేకుండా పారినచోట ఆగిపోండి. పైన ఆకాశం వెలుగు, కింద నేల నీడ, మధ్యలో ఒకే గీత. ముదురు రంగు కార్లకి ఒంపుసొంపులు తెలిసేది ఆ గీతవల్లే. ఇదంతా కుదరాలంటే మీ వెనకాల ఖాళీ స్థలం ఉండాలి. అందుకే చోటు వెతికేటప్పుడు నేను ముందు వెనక్కి తిరిగి చూస్తాను.

మెరుపుల్ని తగ్గించే పోలరైజర్ ఫిల్టరు గురించి వినే ఉంటారు. ఫోన్‌కి తగిలించేవీ ఉన్నాయి. తిప్పుతూ ఉంటే బానెట్ మీది మెరుపు పోతుంది, డోరు మీదిది అలాగే ఉంటుంది. ఇంకాస్త తిప్పితే అది పోయి ఇది వస్తుంది. అన్నీ ఒకేసారి పోవు, పోనక్కర్లేదు కూడా. మెరుపంతా పోతే కారు ప్లాస్టిక్ డబ్బాలా ఉంటుంది. వెనక అద్దంలో చుక్కల గళ్లు కనిపిస్తే కంగారు పడకండి. టెంపర్డ్ గ్లాసు (వేడిచేసి గట్టిపరిచిన అద్దం) తయారీలో పడ్డ ఒత్తిడి పోలరైజర్‌తో అలా బయటపడుతుంది, అద్దానికేమీ కాలేదు.

వేళ సంగతి రెండు ముక్కల్లో. మధ్యాహ్నం వద్దు. సూర్యుడు దిగిపోయాక పది, ఇరవై నిమిషాలు ఆకాశమంతా ఒక పెద్ద దీపంలా మెత్తగా వెలుగునిస్తుంది. పార్కింగ్ లైట్లు వేసి అప్పుడు తీయండి. ఒక ఫొటోలో ఎల్‌ఈడీ ఆరిపోయినట్టు వస్తే లైటు చెడిపోలేదు. కొన్ని ఎల్‌ఈడీలు కంటికి అందనంత వేగంగా వెలిగి ఆరుతుంటాయి. వరసగా నాలుగైదు తీస్తే ఒకదాంట్లో దొరుకుతుంది.

ఇవన్నీ చేశాక కూడా కెమెరా కావాలనిపిస్తే అప్పుడు మళ్లీ రాయండి.

ప్రశ్న: నాది తెల్ల కారు. ఫొటోలో బూడిద రంగులో వస్తోంది. కడిగి, తుడిచి తీసినా అంతే.

జవాబు: కడగడంలో లోపం లేదండీ. ఫ్రేము నిండా తెలుపుంటే వెలుతురు ఎక్కువైందనుకుని కెమెరా తనంతట తానే తగ్గించేస్తుంది. స్క్రీన్ మీద కారుని తాకి, ఎక్స్‌పోజర్ (ఫొటో వెలుతురు) కొద్దిగా పెంచండి, ప్లస్ 0.3 నుంచి 0.7 దాకా. ఎండలో మాత్రం జాగ్రత్త, బానెట్ తెల్లగా మాడిపోయి గీతలన్నీ మాయమవుతాయి. అలాంటప్పుడు పెంచకుండా నీడలోకి జరపడమే మేలు.

ప్రశ్న: కారు పక్కన మా ఆవిడని నిలబెట్టి తీశాను. కారు బాగా వచ్చింది, తను రాలేదు. ఇప్పటికీ మాట్లాడటం లేదు.

జవాబు: డోరుకి ఆనుకుని నిలబడమనుంటారు. అలా ఆనితే భుజం కుంగుతుంది, మనిషి కారులో భాగమైపోతుంది. ముందు చక్రానికి ఒక అడుగు ఇవతల, కారుని తాకకుండా నిలబడమనండి. హెడ్‌లైటుకి అడ్డం రాకుండా చూసుకోండి. మీరు మాత్రం దూరంగా వెళ్లి జూమ్‌తోనే తీయండి, దగ్గరి నుంచి వైడ్‌తో తీస్తే ఉబ్బేది కారు ముక్కొక్కటే కాదు. ఫోకస్ ఆవిడ కళ్ల మీద పెట్టండి. మళ్లీ హెడ్‌లైటు మీద పెడితే ఆ తర్వాత జరిగేదానికి ఈ శీర్షిక పూచీ పడదు.