ఎడమ కన్నుతో వ్యూఫైండర్ (కెమెరాలో కన్ను ఆనించి చూసే చిన్న కిటికీ) చూసేవాళ్ళు కెమెరా ఎలా పట్టుకుంటే హాయిగా ఉంటుంది?

కుడి కన్నుకి మారాలా, కెమెరానే మార్చాలా అని అడిగారు. నన్నడిగితే రెండూ అక్కర్లేదు. నాదీ ఎడమ కన్నే, పైగా కళ్ళద్దాలు. బొటనవేలు ముఖానికి తగలడం, ముక్కు టచ్‌స్క్రీన్‌కి తాకి ఫోకస్ పాయింట్ (ఫోటోలో ఎక్కడ స్పష్టంగా రావాలో చూపే గుర్తు) జరిగిపోవడం నేనూ పడ్డవే. సుమారు మూడింట ఒక వంతు మందికి ఎడమ కన్నే బలమైనది. బలవంతంగా కుడి కన్ను వాడితే ఫ్రేమ్ కుదరడం నెమ్మదిస్తుంది, కన్ను అలిసిపోతుంది.

ముక్కు సంగతి తేలిక. వ్యూఫైండర్‌లో చూస్తున్నప్పుడు టచ్‌స్క్రీన్‌తో ఫోకస్ మార్చే సెట్టింగ్‌ని పూర్తిగా ఆపేయండి. స్క్రీన్ కుడి సగానికే పరిమితం చేయమని కొందరు చెబుతారు. అది కుడి కన్నువాళ్ళకి పనికొచ్చే సలహా. మన ముక్కు ఆనేది ఆ కుడి సగం మీదే.

అసలు చిక్కు బొటనవేలితో. ఎడమ కన్ను పెట్టగానే ముఖమంతా కుడికి జరిగి, కుడి చెంప, కుడి కళ్ళద్దం బొటనవేలి వెనకే వస్తాయి. అందుకే గ్రిప్ (కుడి చేత్తో పట్టుకునే ఉబ్బెత్తు భాగం) లోతు మనకి ఇంకా ముఖ్యం. గ్రిప్ చిన్నదైతే బరువు ఆపడానికి బొటనవేలు వెనక నుంచి గట్టిగా నొక్కాలి. అప్పుడు కణుపు పైకి లేచి అద్దానికి తగులుతుంది. మూడు వేళ్ళూ నిండుగా చుట్టుకునే లోతుంటే బొటనవేలు చదునుగా ఆనించి ఉంచొచ్చు. చిటికెనవేలికి చోటు లేకపోతే అడుగున బిగించే గ్రిప్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకోండి. దానికన్నా ముందు, బరువంతా లెన్స్ కింద ఎడమ అరచేతిలో పడేలా పట్టుకోవడం అలవాటు చేసుకోండి. కుడి చెయ్యి బటన్లు నొక్కడానికే అన్నట్టుండాలి.

బొటనవేలితో వెనక బటన్ నొక్కి ఫోకస్ చేసే పద్ధతిని చాలామంది మెచ్చుకుంటారు. మన ముఖానికి అది ఇరుకు. షట్టర్ బటన్ సగం నొక్కడమే నాకు నచ్చింది. లెన్స్ పక్కన ముందువైపు బటన్ ఉన్న కెమెరా అయితే ఫోకస్‌ని దానికి కేటాయించండి, ఉంగరం వేలితో నొక్కొచ్చు.

నిలువు ఫోటోల విషయం మాత్రం తప్పక ప్రయత్నించండి. అందరూ కుడి చెయ్యి పైకి వచ్చేలా తిప్పుతారు. అలా తిప్పితే కెమెరా మన ముక్కునీ కుడి కన్నునీ కప్పేస్తుంది. కుడి చెయ్యి కిందికి వచ్చేలా తిప్పండి. కెమెరా ఎడమకి పోతుంది, ముక్కు బయటికి వస్తుంది, కుడి మోచెయ్యి ఛాతీకి ఆనుతుంది. ఎంత హాయిగా ఉంటుందో!

ఎప్పుడైనా కొత్తది కొంటే, సోనీ ఏ6000 వరసలోలా వ్యూఫైండర్ ఎడమ మూలన ఉన్నవాటిని కొనేముందు కంటికి పెట్టి చూడండి. కుడి కన్నువాళ్ళకి ముక్కు కెమెరా పక్కకి వచ్చేస్తుంది, మనకి మాత్రం కెమెరా మొత్తం ముఖానికి అడ్డం. మధ్యలో వ్యూఫైండర్ ఉన్నవే నయం. పాత ఫిలిం కెమెరాల మీద మోజుంటే నికాన్ ఎఫ్‌ఎం2 లాంటివాటితో జాగ్రత్త: ఫిలిం తిప్పే లివర్‌ని కాస్త బయటికి లాగి ఉంచితేనే షట్టర్ పడుతుంది, ఆ లివర్ కొస మన ముఖం వైపే ఉంటుంది.