అద్దాలు లేని లేజర్

ప్రశ్న: జ్వరం చూడటానికి నుదుటి మీద పెట్టే రంగుల పట్టీ ఉంటుంది కదా, అందులోని పదార్థం లాంటి దానితోనే లేజర్ చేస్తారని మా మేడం చెప్పారు. లేజర్‌కి రెండు వైపులా అద్దాలు ఉండాలని మా పుస్తకంలో ఉంది. అద్దాలు లేకుండా ఎలా? రంగు కూడా మార్చుకోవచ్చట, నిజమేనా?
– బి.ఎస్సీ. రెండో సంవత్సరం విద్యార్థిని, తెనాలి

జవాబు: మీ మేడం చెప్పింది నిజమేనమ్మా. మీ పుస్తకమూ తప్పు చెప్పలేదు. లేజర్‌లో అద్దాల పని, కాంతిని మళ్లీ మళ్లీ పదార్థంలోకి తిప్పిపంపడం. ఆ పని పదార్థమే చేసుకుంటే విడిగా అద్దాలు అక్కర్లేదు. మీ జ్వరం పట్టీలో ఉండే కొలెస్టరిక్ ద్రవ స్ఫటికాలు (ద్రవంలా పారుతూనే అణువులు ఒక వరుసలో ఉండే పదార్థాలు) చేసేది అదే.

వీటిలో అణువులు సన్నటి పుల్లల్లా ఉంటాయి. ఒక పొరలో అన్నీ ఒకే వైపు చూస్తుంటే, పై పొరలో కొంచెం తిరిగి ఉంటాయి, ఆ పైన ఇంకొంచెం. మరమేకు మీద మర చుట్టుకున్నట్టే. ఒక పూర్తి చుట్టుకి పట్టే దూరం పేరు పిచ్. అది 375 నానోమీటర్లు అనుకో. పుల్లల పొడవు వెంట వక్రీభవన గుణకం 1.68, అడ్డంగా 1.52 అనుకో. పిచ్‌తో గుణించు: 630, 570 నానోమీటర్లు వస్తాయి. ఈ రెండింటి మధ్య తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిలో, మర తిరిగిన వైపే తిరిగే భాగాన్ని ఆ పదార్థం ముందుకు పోనివ్వదు, వెనక్కి కొడుతుంది. పట్టీలో రంగు కనిపించేది ఇందువల్లే. వేడికి పిచ్ తగ్గితే ఎరుపు ఆకుపచ్చగా, ఆపైన నీలంగా మారుతుంది.

ఇందులో కొంచెం లేజర్ డై (కాంతిని పీల్చుకుని వేరే రంగులో వెలిగే పదార్థం) కలిపి, 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ పల్స్‌తో కొడితే డై వెలుగుతుంది. లేజర్ పుట్టేది, కాంతిని ముందుకు పోనివ్వని ఆ 570–630 మేర నడిమధ్యలో కాదు, అంచున. అక్కడ కాంతి నత్తనడక నడుస్తుంది. ఎక్కువసేపు లోపలే ఉండి, డై నుంచి బలం పుంజుకుని, సన్నటి ఒకే రంగుగా బయటికి వస్తుంది. గోల్డ్‌బర్గ్, ష్నూర్ 1973లోనే ఈ ఆలోచనకి అమెరికాలో పేటెంట్ తీసుకున్నారు. 1980లో కీవ్‌లో ఇల్చిషిన్ బృందం చేసి చూపింది. అంచు దగ్గరే ఎందుకన్నది 1998లో కాప్, జెనాక్ బృందం ప్రయోగంతో బాగా తేటతెల్లం చేసింది.

ఇక రంగు మార్చడం. నాకు చాలా ఇష్టమైన భాగం ఇది. రీసెర్చ్ చేసే రోజుల్లో నేను 12 మైక్రాన్ల సెల్ కట్టాను. రెండు గాజు పలకలకి పాలిమర్ పూత వేసి, వెల్వెట్ గుడ్డతో ఒకే దిక్కుకి రుద్ది, మధ్యలో ద్రవ స్ఫటికం నింపాను. పై గాజుని వేలితో కాస్త జరపగానే పాలలా మసకగా ఉన్నది ఒక్కసారిగా ఎర్రగా మెరిసింది. ఆ క్షణం ఇప్పటికీ కళ్లముందుంది.

తరువాత కొద్దికొద్దిగా వేడి పెంచుతూ లేజర్ రంగు కొలిచాను. అది మెల్లగా జరగాలి కదా? కదలకుండా కూర్చుంది. ఉన్నట్టుండి ఒక్క దూకు దూకింది. రెండు రోజులు హీటర్‌ని అనుమానిస్తూ టెన్షన్ పడ్డాను. అసలు కారణం నేను రుద్దిన గాజే. గాజుకి ఆనుకున్న పుల్లల్ని రెండు పక్కలా అది కదలనివ్వదు. కాబట్టి మధ్యలో అరచుట్లు పూర్ణ సంఖ్యలోనే పట్టాలి. 12 మైక్రాన్లలో, పై లెక్క ప్రకారం, 64 పడతాయి. 65వది వచ్చేదాకా మర బిగబట్టుకుని ఉంటుంది, వచ్చాక అన్నీ కలిసి సర్దుకుంటాయి. 630ని 64తో గుణించి 65తో భాగించి చూడు, దాదాపు 10 నానోమీటర్ల దూకు వస్తుంది.

ఈ చిక్కు గాజు పట్టు లేని రబ్బరు లాంటి పొరలో ఉండదు. 2001లో ఫింకెల్‌మన్, పాల్ఫీ-ముహొరాయ్ తదితరులు అలాంటి కొలెస్టరిక్ పొరతో లేజర్ చేశారు. పొరని నలువైపులా లాగితే పలచబడుతుంది, మర దగ్గరపడుతుంది, లేజర్ పొట్టి తరంగదైర్ఘ్యం వైపు జరుగుతుంది. చేత్తో లాగి రంగు మార్చే లేజర్ అన్నమాట!

లోపం కూడా చెప్పాలి. కాంతి ఒకేచోట పడుతుంటే డై పాడైపోతుంది, వేడికి మర చెదురుతుంది. అందుకే దీన్ని ఎక్కువగా నానోసెకన్ల పల్స్‌లతో నడుపుతారు. మామూలు ఆకుపచ్చ లేజర్ పెన్నుతో ప్రయత్నించకు. లేజర్ రాదు, కళ్లకి ప్రమాదం కూడా.

నువ్వు చేయగలిగింది ఒకటుంది. మీ ల్యాబ్‌లో కొలెస్టరిక్ మిశ్రమం దొరికితే స్లయిడ్ మీద చుక్క వేసి, పైన కవర్‌స్లిప్ పెట్టి, కింద నల్ల కాగితం పరుచు. వృత్తాకార ధ్రువణం (కాంతి మరలా తిరుగుతూ పోవడం) వాడే 3డి సినిమా కళ్లజోడు పెట్టుకుని, ఒక కన్ను మూసి ఒక కన్నుతో చూడు. ఒక కంటికి రంగు మెరుస్తుంది, రెండో కంటికి దాదాపు నల్లగా కనిపిస్తుంది. మర ఏ వైపు తిరిగిందో ఆ రెండు కళ్లూ చెప్పేస్తాయి. ఏ కంటికి మెరిసిందో నాకు రాయి.