గద్దర్ అవార్డులకు విలువ ఉందా? మన సినిమాల్లో రాజకీయ కామెడీ ఎందుకు రావట్లేదు?

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. ప్రభుత్వం ఇచ్చే సినిమా అవార్డుల మీద నమ్మకం పోయిందంటూ, వాటికి ఇంకా విలువ ఉందా అని ఒకటి, నాయకుల మీద సూటిగా నవ్వించే సినిమాలు తెలుగులో ఎందుకు రావట్లేదని ఇంకొకటి. నాకు ఈ రెండిటికీ జవాబు ఒక్కచోటే కనిపిస్తుంది. టికెట్ రేటు పెంచుకోవడానికి ఎవరి సంతకం కావాలో, అవార్డు ఎవరి చేతి మీదుగా అందుకోవాలో, ఆ మనిషి మీద జోకు వేయడానికి మన పరిశ్రమలో ఎవరికీ ధైర్యం చాలదు. కృష్ణానగర్‌లో ఒక రచయిత దగ్గర అసిస్టెంట్‌గా చేరి, తర్వాత డబ్బింగ్ మాటలు రాసుకుంటూ ఇక్కడే స్థిరపడినవాణ్ని కాబట్టి చూసింది చెబుతాను.

ముందు అవార్డుల సంగతి. విలువ ఉంది. హీరోలకంటే ఎక్కువగా, పేరు తెరమీద రెండు సెకన్లు కనబడి పోయేవాళ్లకు ఉంది. నేను ఇందిరానగర్‌లో అద్దెకున్న ఇంటి కింది వాటాలో ఒక మేకప్ చీఫ్ ఉండేవారు. ఆయన ఇంట్లో టీవీ పక్కన అద్దాల అల్మారాలో నంది బొమ్మ ఒక్కటే ఉండేది, పక్కన ఇంకే వస్తువూ పెట్టనిచ్చేవారు కాదు. కొత్త ప్రొడక్షన్ మేనేజర్ ఎవరైనా బేటా (రోజువారీ భత్యం) దగ్గర బేరం మొదలుపెడితే, పక్కనున్నవాళ్లే "నంది తీసుకున్న మనిషి, కాస్త చూసి మాట్లాడు" అనేవారు. పెద్ద సినిమాలు చేతిలో లేని రోజుల్లో కూడా ఆయన రేటు తగ్గకపోవడానికి ఆ బొమ్మే కారణం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన నంది అవార్డులు 1964లో మొదలయ్యాయి. లేపాక్షి నంది గుర్తుగా ఆ పేరు పెట్టారు. 2017 నవంబరులో 2014, 2015, 2016 సంవత్సరాలకు కలిపి ఒకేసారి ప్రకటించారు. అప్పుడు ఎవరికి ఇచ్చారు, ఎవరిని వదిలేశారు అన్న గొడవ టీవీ చర్చల దాకా పోయింది. అంతే, ఆ తర్వాత నంది ఆగిపోయింది. మళ్లీ తెలుగు సినిమాకు రాష్ట్ర అవార్డు అంటూ చూసింది 2025 జూన్ 14న, హైదరాబాద్ హైటెక్స్‌లో, తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరు మీద ఇచ్చినప్పుడే.

ఇక్కడ నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. 2024 సినిమాలకు నటులు, సాంకేతిక నిపుణులు అందరికీ అవార్డులు ఇచ్చారు. కానీ 2014 నుంచి 2023 వరకు పదేళ్లకు మాత్రం ఉత్తమ చిత్రాలను ప్రకటించి ఊరుకున్నారు. 2018కి 'మహానటి' మొదటి ఉత్తమ చిత్రం. సంతోషం. కానీ ఆ పదేళ్లలో గొప్పగా కెమెరా పట్టినవాళ్లు, సౌండ్ చేసినవాళ్లు, సెట్ వేసినవాళ్లు, పాట రాసినవాళ్లు? మొదటి మూడేళ్లకు నంది ప్రకటించారు, కొందరికి జాతీయ అవార్డూ వచ్చి ఉండవచ్చు. మిగిలినవాళ్ల ఇంట్లో అల్మారా ఖాళీ. 'బలగం'లో "ఊరు పల్లెటూరు" పాటకు కాసర్ల శ్యామ్‌కి 2025 ఆగస్టులో ఢిల్లీ జాతీయ అవార్డు ప్రకటించింది. 2023కి అదే సినిమాను మొదటి ఉత్తమ చిత్రంగా ఎంచుకున్న మన రాష్ట్రం దగ్గర ఆ ఏడాది పాట రాసినవాళ్ల కోసం ఒక అవార్డే లేదు.

(2022 మార్చిలో మనం చూసిన 'ఆర్ఆర్ఆర్' 2021 జాబితాలో ఎందుకుందని చాలామంది అడుగుతుంటారు. ఇలాంటి అవార్డులకు విడుదల తేదీ కాదు, సెన్సార్ సర్టిఫికెట్ తేదీ చూస్తారు. అందులో తప్పేం లేదు.)

ఎంపికల్లో నాకు నచ్చినవి చాలానే ఉన్నాయి. '35 చిన్న కథ కాదు'లో నివేదా థామస్‌కి ఉత్తమ నటి ఇవ్వడం న్యాయం. ఆ సినిమాలో ఆమె పదో తరగతి తప్పిన తల్లి, కొడుకు కోసం మళ్లీ లెక్కలు నేర్చుకుంటుంది. ఎక్కడా గొంతు పెంచకుండా మనల్ని ఏడిపించింది. 'కమిటీ కుర్రోళ్ళు' లాంటి చిన్న సినిమాను గుర్తించడం ఇంకా బాగుంది. 'పుష్ప 2'కు అల్లు అర్జున్ ఉత్తమ నటుడు. జాతర ఎపిసోడ్‌లో ఆయన చేసింది చూసినవాళ్లెవరూ నటన సంగతిలో పేచీ పెట్టరు.

నాకు పట్టింది వేరే. ఆ సినిమా ప్రీమియర్ 2024 డిసెంబరు 4 రాత్రి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు చావు అంచుల దాకా వెళ్లాడు. ఆ రాత్రి ఆటకు టికెట్ మీద 800 రూపాయలు పెంచుకోవడానికి అనుమతించింది ప్రభుత్వమే. డిసెంబరు 13న హీరోని అరెస్టు చేశారు, ఒక రాత్రి చంచల్‌గూడ జైల్లో ఉన్నారు. ముఖ్యమంత్రి అసెంబ్లీలో పరిశ్రమ మీద గట్టిగా మాట్లాడారు. అదే నెల 26న పరిశ్రమ పెద్దలు కట్టగట్టుకుని వెళ్లి ఆయన్ను కలిశారు. జూన్‌లో అదే ముఖ్యమంత్రి చేతుల మీదుగా అదే హీరోకి అవార్డు. కేసు సంగతి కోర్టు చూసుకుంటుంది, దాని గురించి నేనేమీ అనను. కానీ ఈ ఆరు నెలలు చూసిన ఏ నిర్మాతకైనా ఒక విషయం బాగా అర్థమై ఉంటుంది: మన మంచీ చెడూ రెండూ సచివాలయం చేతిలోనే ఉన్నాయి.

ఆంధ్రలోనూ అంతే. 2021లో అక్కడి ప్రభుత్వం టికెట్ రేట్లు బాగా తగ్గించింది. 2022 ఫిబ్రవరిలో చిరంజీవి, మహేశ్‌బాబు, ప్రభాస్, రాజమౌళి తాడేపల్లి వెళ్లి అప్పటి ముఖ్యమంత్రిని కలిశారు. చిరంజీవి చేతులు జోడించి అడుగుతున్న వీడియో మీరూ చూసే ఉంటారు. మార్చిలో కొత్త జీవో వచ్చింది. నలభై ఏళ్లకు పైగా తెలుగువాళ్లను మెప్పించిన మనిషే అలా నిలబడాల్సి వస్తే, మొదటి సినిమా తీసే కుర్రాడు ముఖ్యమంత్రి మీద కామెడీ రాస్తాడని ఎలా ఆశిస్తాం?

ఇది నేను దగ్గర నుంచి చూశాను. పేర్లు వద్దు. నేను మాటలకు సాయం చేసిన ఒక చిన్న సినిమాలో ఊరి ఎన్నికల ర్యాలీ సీన్ ఉంది. జెండా ఏ రంగులో ఉండాలన్నదే ఒక పూట మీటింగ్. పసుపు వద్దు, గులాబీ వద్దు, నీలం ఆకుపచ్చ కలిపితే ఇంకోళ్లది, కాషాయం సరే సరి, ఎరుపు కమ్యూనిస్టులది, ఎరుపు తెలుపు కలిపినా ఇంకో పార్టీ గుర్తొస్తుంది. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ అబ్బాయి నారాయణఖేడ్ వాడు, గుడ్డ ముక్కలు టేబుల్ మీద పరిచి "అన్నా, ఏ రంగు పట్టుకున్నా ఎవనిదో ఒకనిదే ఉంటది" అన్నాడు. చివరికి వంకాయ రంగు మీద తెల్ల చుక్కలు వేయించారు. తెరమీద చూస్తే అది రాజకీయ పార్టీ జెండాలా లేదు, దుప్పట్ల సేల్‌లా ఉంది.

అదే సినిమాలో ఒక కాంట్రాక్టర్ సీన్ ఉంది. వేసిన రోడ్డు రెండు నెలలకే కొట్టుకుపోతుంది. ఊరివాళ్లు నిలదీస్తే వాడు వేళ్లు మడుస్తూ "మంత్రి గారి వాటా, వాళ్ల బామ్మర్ది వాటా, పూజ ఖర్చులు..." అని లెక్క చెప్పి, "మిగిలిన దాంతో వేసిన రోడ్డు రెండు నెలలుంది, సంతోషించండి" అంటాడు. ఫస్ట్ కాపీకి (పూర్తయిన ప్రింట్‌కి) ముందు మాలో మేం వేసుకున్న షోలో ఈ సీన్‌కి హాలంతా పగలబడి నవ్వింది. మర్నాడే కబురొచ్చింది, 'మంత్రి' తీసేయాలని. డబ్బింగ్‌లో ప, బ, మ అక్షరాల దగ్గర పెదవులు కలుస్తాయి. క్లోజప్‌లో అక్కడ పెదవులు కలిసే మాటే వేయాలి, లేకపోతే దొరికిపోతాం. డబ్బింగ్ థియేటర్లో కూర్చుని ఆ ముక్కను మళ్లీ మళ్లీ తిప్పి చూశాం. 'మంత్రి' స్థానంలో 'మేస్త్రి' సరిగ్గా అతికింది. పెదవులు కలిశాయి, పొడవు కుదిరింది, ఇంజనీర్ ఓకే అన్నాడు. విడుదలయ్యాక అదే సీన్ దగ్గర జనం ఊరికే కూర్చున్నారు. మేస్త్రి వాటా తీసుకుంటే నవ్వడానికేముంది? అన్యాయంగా ఒక కూలి మనిషిని దొంగను చేశాం, అసలు దొంగను తప్పించాం.

ఇదంతా సెన్సార్ వాళ్లు అడిగింది కాదు. ప్రింట్ వాళ్ల దగ్గరికి వెళ్లకముందే జరిగిపోయింది. జనం సెన్సార్‌ని తిడతారు కానీ, అసలు కత్తెర నిర్మాత భయంలో ఉంటుంది. ఆ భయానికీ కారణముంది. సెన్సార్‌లో మొదట సినిమా చూసే పరిశీలక కమిటీ అభ్యంతరం చెబితే, మళ్లీ చూసే రివైజింగ్ కమిటీకి వెళ్లాలి. అక్కడా కాదంటే, ఇదివరకు ఢిల్లీలో అప్పీలు ట్రిబ్యునల్ ఉండేది. 2021 ఏప్రిల్‌లో దాన్ని రద్దు చేశారు. ఇప్పుడు నేరుగా హైకోర్టే దిక్కు. అప్పు తెచ్చి సినిమా తీసినవాడికి ప్రతి వారం వడ్డీ పెరుగుతుంటే, ఒక్క మాట కోసం కోర్టు మెట్లెక్కుతాడా?

మరి పాత రోజుల్లో ఎలా తీశారని అడుగుతారు. నిజమే, 1987లో 'మండలాధీశుడు' వచ్చింది. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉండగానే, కోట శ్రీనివాసరావు ఆయన్ను పోలిన పాత్ర వేశారు. దానికి విజయవాడలో అభిమానుల చేతిలో దెబ్బలు తిన్నానని కోటే ఇంటర్వ్యూల్లో చెప్పారు. 2025 జూలైలో ఆయన పోయినప్పుడు టీవీలన్నీ విలన్ పాత్రలూ పిసినారి పాత్రా చూపించాయి. నాకు మాత్రం ఆయన చేసినవాటిలో అన్నిటికంటే తెగింపు ఉన్న పని ఇదే. అయితే ఒకటి గమనించాలి. ఆ రోజుల్లో ఎన్టీఆర్ మీద వచ్చిన సినిమాలకు వెనక కాంగ్రెస్ అండ ఉండేది. ఈ మధ్య ఎన్నికల ముందు వచ్చిన సినిమాలూ అంతే, ఒక పార్టీ నీడలో నిలబడి ఇంకో పార్టీని తిట్టినవే. వాటిని నేను కామెడీ కింద లెక్కవేయను. అవి ప్రచారం. అధికారంలో ఎవరున్నా వాళ్లను చూసి నవ్వగలిగితేనే అది వ్యంగ్యం.

అలాంటిది మనకు నాటకంలో ఉండేది. నాగభూషణం 'రక్తకన్నీరు' ఊరూరా ఆడినప్పుడు ఆ రోజు పేపర్లో వచ్చిన రాజకీయాన్ని అప్పటికప్పుడు డైలాగుల్లో కలిపేవారు. మా నాన్న ఖమ్మంలో చూశారు, ఆ విసుర్లు ఇప్పటికీ ఆ గొంతుతోనే చెబుతారు. తర్వాత ఆ పని పేపర్లలో పాకెట్ కార్టూన్లు చేశాయి, టీవీలో వీ6 ఛానల్ తీన్మార్ వార్తలు చేశాయి. అందులో బిత్తిరి సత్తి, సావిత్రి మాట్లాడుకుంటుంటే మా బస్తీలో భోజనాలు ఆగిపోయేవి. అధికారి ఎందుకు రాలేదు, నల్లా ఎందుకు రాలేదు అని మా భాషలో మమ్మల్నే అడిగినట్టుండేది. ఆ ఛానల్ కూడా ఒక రాజకీయ కుటుంబానిదే కాబట్టి దాని హద్దులు దానికుండేవి. ఇక స్టాండప్ కామెడీ అంటారా, 2022 ఆగస్టులో శిల్పకళా వేదికలో మునావర్ ఫారూఖీ షో ఒక్కటి జరగడానికి ఎంత పోలీసు బందోబస్తు పెట్టాల్సి వచ్చిందో ఈ ఊరంతా చూసింది.

అయినా తెలుగులో అసలు లేదనను. 2023 అక్టోబరులో, సరిగ్గా తెలంగాణ ఎన్నికలకు నెల ముందు, 'మార్టిన్ లూథర్ కింగ్' వచ్చింది. తమిళ 'మండేలా'కు రీమేక్, పూజ కొల్లూరు దర్శకత్వం. ఊరి చివర చెట్టు కింద చెప్పులు కుట్టుకునే మనిషికి ఓటు హక్కు వస్తుంది. రెండు వర్గాలకూ ఓట్లు సమానం కావడంతో వాడి ఒక్క ఓటే గెలుపును తేలుస్తుంది. నిన్నటిదాకా మనిషిగా చూడనివాళ్లు వరసపెట్టి వాడి కాళ్ల దగ్గరికి వస్తారు. సంపూర్ణేష్ బాబు అలవాటైన అల్లరి ఏదీ లేకుండా చేశారు. నేను వెళ్లిన షోలో సీట్లన్నీ ఖాళీయే, కానీ ఉన్న కొద్దిమందీ నవ్విన నవ్వు నిజమైన నవ్వు. 2025 సంక్రాంతికి హాళ్లు నింపిన 'సంక్రాంతికి వస్తున్నాం'లో నరేశ్ వేసిన ముఖ్యమంత్రి పాత్రతో పోల్చి చూడండి. సరదాగానే ఉంటుంది, మా ఇంట్లో అందరం నవ్వాం, కానీ ఆ పాత్రను చూసి ఏ ముఖ్యమంత్రికీ ఎక్కడా గుచ్చుకోదు.

మీరు అవార్డుల మీద నమ్మకం పోయిందని రాశారు. నాకు పోలేదు, అందుకే రెండు విషయాలు గట్టిగా అడుగుతాను. ఒకటి, ఆ పదేళ్లకూ సాంకేతిక నిపుణులకు అవార్డులు ఇవ్వాలి. డబ్బు లేదంటే జ్ఞాపికైనా ఇవ్వాలి. రెండు, ప్రతి ఎంపికకూ జ్యూరీ ఎందుకు ఎంచుకుందో నాలుగు వాక్యాలు రాసి బయటపెట్టాలి. ఆ నాలుగు వాక్యాలుంటే అవార్డు ముఖ్యమంత్రి ఇచ్చిందిగా కాక జ్యూరీ ఇచ్చిందిగా నిలబడుతుంది. తీసుకున్నవాడు ఎవరికీ రుణపడడు. గద్దర్ 'ఒరేయ్ రిక్షా'లో "నీ పాదం మీద పుట్టుమచ్చనై" పాటకు వచ్చిన నందిని వద్దన్నారు. అలాంటి మనిషి పేరు పెట్టుకున్న అవార్డుకు ఈ మాత్రం స్వేచ్ఛ ఉండాలి. ప్రభుత్వాన్ని చూసి నవ్వే సినిమా ఒకటి వస్తే, దానికీ ఆ వేదిక మీద, అదే ప్రభుత్వం చేతుల మీదుగా ఇవ్వగలగాలి.