నొక్కి వదిలే బటనే పెట్టండి

ప్రశ్న: మనవడి కోసం 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ప్లైవుడ్ మీద కృష్ణా కెనాల్ జంక్షన్ నమూనాగా హెచ్‌ఓ (అసలు రైలులో 87వ వంతు సైజు) బొమ్మ రైలు లేఅవుట్ వేశాను. రైలును ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పాయింట్లు 8, అన్నిటికీ రెండు కాయిళ్ల మోటార్లే. ఇంట్లో లైట్లకు వాడే స్విచ్‌లతో ప్యానెల్ చేస్తే రెండు మోటార్లు కాలిపోయాయి. ఏ పాయింటు ఎటు ఉందో కూడా తెలియడం లేదు. ఏం చెయ్యాలి? – ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మోటార్ల తప్పేమీ లేదండీ, స్విచ్‌దే తప్పు. ఆ కాయిల్‌కు కరెంటు రెప్పపాటు అందితే చాలు, పాయింటు మారిపోతుంది. ఆ తర్వాత కూడా స్విచ్ ఆన్‌లోనే ఉంటే కాయిల్ వేడెక్కి కాలుతుంది. సత్యనారాయణపురంలో మా ఇంట్లో కట్టిన మొదటి ప్యానెల్‌లో నేనూ టోగుల్ స్విచ్‌లే పెట్టాను. ఒక సాయంత్రం పొగ వాసన వచ్చాక గానీ తెలిసిరాలేదు.

పాయింటుకు రెండేసి చొప్పున, నొక్కి వదిలే బటన్లు 16 తీసుకోండి. వాటితోపాటు కెపాసిటర్ ఏర్పాటు కూడా తప్పకుండా చేయండి. రైలు నడిపే కంట్రోలర్‌తో కలపకుండా విడిగా 24 వోల్టుల డీసీ అడాప్టర్ పెట్టండి. దాని ప్లస్ నుంచి 220 ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్ గుండా 4700 మైక్రోఫారడ్, 35 వోల్టుల కెపాసిటర్ ప్లస్‌కు వైరు తీసుకెళ్లండి. కెపాసిటర్ మైనస్ అడాప్టర్ మైనస్‌కు కలుస్తుంది, కాయిళ్ల కామన్ (ఉమ్మడి) వైరు కూడా అక్కడికే. కెపాసిటర్ ప్లస్ నుంచి వైరు బటన్లకు, ఒక్కో బటన్ నుంచి ఒక్కో కాయిల్‌కు వెళ్తుంది. ప్లస్, మైనస్ తారుమారైతే కెపాసిటర్ పేలవచ్చు, జాగ్రత్త. బటన్ నొక్కగానే కెపాసిటర్‌లో నిండినదంతా ఒక్క దెబ్బకు కాయిల్‌లోకి పోతుంది. బటన్ అంటుకుపోయినా ఆ తర్వాత కాయిల్‌కు వెళ్లేది 0.1 ఆంపియర్ చిల్లరే కాబట్టి అది కాలదు. మళ్లీ నిండడానికి మూడు, నాలుగు సెకన్లు ఆగాలి.

రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసినవాణ్ణి కాబట్టి ఇంకో మాట. సిగ్నల్ కేబిన్ ప్యానెల్‌లో పాయింటు మార్చాలంటే ఆ పాయింటు బటన్, పాయింట్లన్నిటికీ ఉమ్మడిగా ఉండే గ్రూపు బటన్ రెండూ కలిపి నొక్కాలి. పొరపాటున చెయ్యి తగిలితే పాయింటు కదలకూడదని ఆ ఏర్పాటు. మీరూ కెపాసిటర్‌కూ ఆ 16 బటన్లకూ మధ్య గ్రూపు బటన్ ఒకటి పెట్టండి. ప్రతి దెబ్బా దాని గుండానే పోతుంది కాబట్టి కాలింగ్ బెల్ బటన్ లాంటి గట్టిది వాడండి. మనవడు ఒక చేత్తో అది, రెండో చేత్తో పాయింటు బటన్ నొక్కుతుంటే అసలు కేబిన్‌లో కూర్చున్నట్టే ఉంటుంది. నాకైతే ప్యానెల్ మొత్తంలో ఇదే ఇష్టం.

ప్యానెల్ మీద పెట్టే పట్టాల బొమ్మ గీసేటప్పుడు మ్యాపు చూసి గీయకండి. మీరు ఏ వైపు నిలబడి రైలు నడుపుతారో అక్కడి నుంచి కనబడేది గీయండి. విజయవాడ వైపు పట్టాలు మీకు కుడిచేతికి ఉంటే ప్యానెల్ మీదా కుడికే ఉండాలి. గుంటూరు లైనూ తెనాలి లైనూ విడిపోయే చోట, ఒక బటన్ గుంటూరు గీత మీద, ఇంకోటి తెనాలి గీత మీద బిగించండి. అప్పుడు పేర్లు రాసే పనే లేదు. బొమ్మ కాగితాన్ని హార్డ్‌బోర్డుకూ 3 మిల్లీమీటర్ల ఆక్రిలిక్ షీటుకూ మధ్య పెట్టి, కింద చెక్క ఆనించి నెమ్మదిగా డ్రిల్ చేయండి. తొందరపడితే షీటు పగులుతుంది.

పాయింటు ఎటు ఉందో తెలియాలంటే మోటారుతోపాటు కదిలే కాంటాక్టు స్విచ్ ఉండాలి. మీ మోటార్లకు లేకపోతే విడిగా బిగించుకోండి. బటన్ నుంచి లైటు వెలిగిస్తే మీరు ఏం నొక్కారో తెలుస్తుంది గానీ పాయింటు నిజంగా మారిందో లేదో తెలియదు. అందుకే ప్యానెల్ మీది ఎల్‌ఈడీ లైట్లను ఆ కాంటాక్టు స్విచ్ నుంచే వెలిగించండి. వాటికి విడిగా 12 వోల్టుల డీసీ ఇస్తే ప్రతి ఎల్‌ఈడీకి 1 కిలో ఓమ్ రెసిస్టర్ సరిపోతుంది. ఈ సామానంతా విజయవాడ గవర్నరుపేటలో దొరుకుతుంది.

వైర్లు నేరుగా అతికించకుండా టెర్మినల్ స్ట్రిప్ మీదుగా తీసుకెళ్లి, రెండు కొసలకూ ఒకే నంబరు చుట్టండి. ప్యానెల్‌ను మడతబందుల మీద బిగించి, తెరిచినప్పుడు లాగకుండా జానెడు వైరు వదలండి. టంకం పెట్టేముందు అడాప్టర్ తీసేసి, గ్రూపు బటన్‌తో కలిపి ఏదో ఒక పాయింటు బటన్ నొక్కండి. కెపాసిటర్‌లో మిగిలింది ఖాళీ అవుతుంది.