కెప్టెన్ వాకర్ గొప్పతనం సోనార్ ముందు కూర్చున్నోళ్ళకి బాగా తెలుస్తుంది

రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ వల్ల, సీక్రెట్ కోడ్లు విప్పడం వల్లే కదా జర్మన్ యూబోట్లు, అంటే వాళ్ళ సబ్‌మెరైన్లు, ఓడిపోయింది, మరి బ్రిటిష్ నేవీ కెప్టెన్ ఫ్రెడరిక్ జాన్ వాకర్‌ని ఎందుకంత పొగుడుతారు అని అడిగారు. నేను మన నేవీలో తొమ్మిదేళ్ళు సోనార్ మీద, అంటే నీళ్ళలోకి శబ్దం పంపి తిరిగొచ్చే ఎకోతో సబ్‌మెరైన్‌ని వెతికే యంత్రం మీద పనిచేశా, అందుకే ఆపుకోలేక రాస్తున్నా.

కోడ్ విప్పితే సబ్‌మెరైన్ సముద్రంలో ఏ మూల తిరుగుతోందో తెలుస్తుంది, అంతే. అక్కడికెళ్ళి నీళ్ళ కింద దాన్ని పట్టుకోవడం వేరే పని. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పింగ్ పంపిస్తూ తిరిగొచ్చే ఎకో కోసం గంటలు గంటలు చెవులు రిక్కించాలి, చేపల గుంపు కూడా ఎకో ఇస్తుంది. ట్రైనింగ్‌లో ఒకసారి గట్టి కాంటాక్ట్ దొరికిందని అరిచేశా, రెండు నిమిషాల్లో పోయింది, మళ్ళీ దొరకలేదు. ఆ రాత్రి నిద్రపట్టలేదు నాకు.

వాకర్ కాలంలో ఇంకా కష్టం. సోనార్‌ని వాళ్ళు ఆస్డిక్ అనేవాళ్ళు. ఓడ దగ్గరికెళ్ళేకొద్దీ లోతులో ఉన్న సబ్‌మెరైన్ ఆ శబ్దం బీమ్ కిందకి జారిపోయేది, డెప్త్ ఛార్జీలేమో (నీళ్ళలో పేలే బాంబులు) ఓడ వెనకనుంచి వదలాలి, అంటే సరిగ్గా వదిలే టైంకి ఏమీ కనపడదు వినపడదు, పైగా ఓడ స్పీడ్ పెంచిన చప్పుడు విని కిందున్నోళ్ళు పక్కకి తిప్పేసేవాళ్ళు.

వాకర్ ఏం చేశాడంటే ఒక ఓడని దూరంగా పెట్టి పింగ్ కొట్టిస్తూనే ఉండేవాడు, రెండో ఓడ తన ఆస్డిక్ ఆపేసి 5 నాట్ల (గంటకి సుమారు 9 కిలోమీటర్ల) స్పీడ్‌లో మెల్లగా సబ్‌మెరైన్ నెత్తిమీదకి పాకేది, ఎప్పుడు వదలాలో దూరంగా ఉన్న ఓడే చెప్పేది. కిందున్నోళ్ళకి దూరపు పింగ్ ఒక్కటే వినపడేది, వేటగాడు ఇంకా అంత దూరంలో ఉన్నాడనే అనుకునేవాళ్ళు! దీన్నే క్రీపింగ్ అటాక్ అంటారు. 1944 మొదట్లో ఒకే ఒక్క ట్రిప్పులో ఆయన ఓడల గ్రూప్ 6 యూబోట్లని ముంచేసింది. అంతకుముందు 1943 జూన్‌లో యూ-202 అనే యూబోట్‌ని దాదాపు 15 గంటలు వదల్లేదు, గాలీ బ్యాటరీ అయిపోతే అది పైకి రాక తప్పదని ఆయనకి తెలుసు, వచ్చింది కూడా. ఆ ఓపిక ఏ కోడూ ఇవ్వదండీ.

ఇంకో సంగతి, ఆయన కొడుకు తిమోతీ కూడా సబ్‌మెరైన్‌లోనే పనిచేశాడు. 1943లో ఆ సబ్‌మెరైన్, పేరు పార్థియన్, మధ్యధరా సముద్రంలో మునిగిపోయింది, ఒక్కరూ తిరిగి రాలేదు. వాకర్ మళ్ళీ సముద్రం మీదకే వెళ్ళాడు. 1944 జూలై 9న లివర్‌పూల్‌లో పోయాడు, అప్పటికి 48 ఏళ్ళే, విశ్రాంతి లేక ఒళ్ళు గుల్లయిపోయింది. ఓడ మీద తీసుకెళ్ళి సముద్రంలోకే సాగనంపారు.