మాస్టారి జవాబులు: చుట్టూ సముద్రం, నడుమ చెరువులు

ప్రశ్న: మాస్టారూ, వాన వల్ల కొలంబోలో క్రికెట్ మ్యాచ్ ఆగిపోయిందని టీవీలో చూశాం. శ్రీలంక నిండా పాతకాలపు చెరువులే అంటారు మా ఆయన. అంత వాన పడే దీవికి చెరువులతో పనేమిటి?
– ఒక గృహిణి, కోవూరు

జవాబు: అమ్మా, కోవూరులో ఉండి మీరు అడగవలసిన ప్రశ్నేనా ఇది? జులైలో కేరళలో కుండపోత అని టీవీలో చూపిస్తుంటే, మనం విసనకర్ర పట్టుకుని అరుగు మీద కూర్చోమూ? మన వాన దసరా దాటాక బంగాళాఖాతం మీదుగా వస్తుంది. శ్రీలంకలో దాదాపు మూడింట రెండు వంతుల నేల మన బాపతే.

దీవి మొత్తం 65,610 చదరపు కిలోమీటర్లు. నడుమ, కాస్త దక్షిణానికి జరిగి, కొండలున్నాయి. వాటిలో ఎత్తైన పిదురుతలాగల 2,524 మీటర్లు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి మేఘాలు ఆ కొండలకు తగిలి కొలంబో వైపే కురిసేస్తాయి. అవతలికి దిగేది పొడిగాలి. అందుకే అనూరాధపురం, పొలొన్నరువ ప్రాంతాల రైతులు ఈశాన్య రుతుపవనాల కోసం ఎదురుచూస్తారు. మీరు రబీకి నారు పోసే రోజుల్లోనే వాళ్లూ 'మహా' అనే పెద్ద పంటకు దిగుతారు. కొలంబో తడిసే నెలల్లో ఆట సాగాలనే 2000లో ఈ మెట్టసీమలో, దంబుల్లలో, స్టేడియం కట్టారు. అదీ ఒక చెరువు పక్కనే!

మూడు నెలల వానను ఏడాదంతా వాడుకోవాలంటే చెరువు తప్ప దారి లేదు. సింహళంలో చెరువును 'వెవ' అంటారు. రిటైరయ్యాక ఒక ఆగస్టులో కలా వెవ చూశాను. అయిదో శతాబ్దంలో ధాతుసేనుడు కట్టించినది. కట్ట మీద నిలబడితే కంభం చెరువే గుర్తుకు వచ్చింది. నీరు తీసిన అంచున పచ్చగడ్డి, దాని కోసం దిగిన ఏనుగుల గుంపు మాత్రం కంభంలో కనిపించవు. ఆ చెరువు నుంచి అనూరాధపురానికి 87 కిలోమీటర్ల కాలువ తవ్వారు. అందులో కొన్ని మైళ్ల పొడవునా వాలు మైలుకు 6 అంగుళాలే. మా స్నానాలగదిలో నాలుగడుగుల నేలకు వాలు కుదరక నీళ్లు ఇప్పటికీ మూలనే నిలుస్తాయి. మేస్త్రీకి ఈ కాలువ సంగతి చెబితే నవ్వి ఊరుకున్నాడు.

తూముల దగ్గర వాళ్ల తెలివి ఇంకా గొప్పది. నిండు చెరువు ఒత్తిడి నేరుగా తూము మీద పడితే కట్ట తెగే ప్రమాదం ఉంది కదా? అందుకని కట్టలో రాతితో నలుచదరపు గొయ్యి ఒకటి కట్టేవారు. పేరు 'బిసోకొటువ'. నీటి దూకుడు అక్కడ తగ్గి, ఆ తర్వాతే తూము గుండా పొలాలకు పోతుంది. ఇక నిండిన చెరువు కలుజు పారితే, ఆ నీరు వృథాగా పోకుండా దిగువ చెరువుకు చేరుతుంది.

ధాతుసేనుడి కథ కూడా వినండి. కొడుకు కాశ్యపుడు తిరగబడి తండ్రిని బంధించాడు. తర్వాత సిగిరియా బండ మీద కోట కట్టుకున్నది ఇతనే. దాచిన ధనం ఎక్కడ అని నిలదీస్తే, ముసలిరాజు కలా వెవకు తీసుకుపొమ్మన్నాడు. నీళ్లలో దిగి, స్నానం చేసి, "నాకున్న ధనమంతా ఇదే" అని ఆ చెరువును చూపించాడట. కొడుకు అతణ్ణి చంపించాడు. ఇది చూళవంశం అనే వాళ్ల పాత చరిత్రలో ఉంది.

ప్రశ్న: శ్రీలంక రాజధాని కొలంబో అని రాస్తే మా మనవడికి మార్కు వేయలేదు. న్యాయమేనా?
– ఒక తాతగారు, దర్శి

జవాబు: న్యాయమేనండీ. రాజధాని శ్రీ జయవర్ధనపుర కోట్టె. పార్లమెంటు 1982 నుంచి అక్కడే ఉంది. అయితే అది కొలంబోను ఆనుకునే ఉంటుంది. నేనైతే అరమార్కు వేసేవాణ్ణి.