పండక్కి రాజమండ్రి వెళ్తున్న మేనల్లుడికి

కాకినాడ

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. ఇరవై ఏళ్ళ తరవాత సంక్రాంతికి హైదరాబాదు నుంచి రాజమండ్రి వెళ్ళి పాత స్నేహితుల్ని కలిసొస్తానన్నావు. వెళ్ళు, తప్పకుండా వెళ్ళు. నువ్వు పంపిన జాబితా చూశాను. పదిహేడు పేర్లున్నాయి, సెలవేమో వారం లోపు. అందులో సగం రోజులు పండగే. పదిహేడిళ్ళూ తిరిగావంటే పదిహేడు కప్పుల కాఫీ తాగడమే మిగులుతుంది. ఆ జాబితా మళ్ళీ ముందేసుకుని, ఎవరి దగ్గర రెండు గంటలు కూర్చోవాలని ఉందో ఆ ఐదారుగురి పేర్ల కింద గీత గియ్యి. వాళ్ళ ఇళ్ళకి వెళ్ళు. మిగతావాళ్ళందరినీ ఒక పూట ఒకచోట కలుసుకో. మిగిలిన ఏర్పాట్లన్నీ దీన్ని బట్టే చేసుకోవాలి.

ముందు రోజుల లెక్క. భోగి 14, పండగ 15, కనుమ 16 అనుకుందాం. నీకది సెలవు, వాళ్ళకి మాత్రం ఏడాదిలో అన్నిటికన్నా పని ఎక్కువుండే వారం. భోగినాడు తెల్లవారుజామున మంటలు, తలంట్లు, సాయంత్రం చంటిపిల్లలకి భోగిపళ్ళు, పేరంటం. పండగనాడు పెద్దలకి పెట్టుకోవాలి, బట్టలు పెట్టాలి, వంటలు కావాలి. మధ్యాహ్నం దాకా ఆ ఇంటి ఇల్లాలికి కూర్చునే తీరికుండదు. కొత్తల్లుడు వచ్చిన ఇల్లయితే చెప్పనే అక్కర్లేదు. అందుకని 12, 13 తేదీల్లో ఇద్దర్ని చూడు. భోగినాడూ పండగనాడూ ఎవరింటికీ పొద్దున్నపూట వెళ్ళకు. ముఖ్యమైనవాళ్ళని కనుమకీ ముక్కనుమకీ ఉంచుకో. కనుమనాడు కాకి కూడా కదలదంటారు కదా, ఆ రోజు ప్రయాణాలు పెట్టుకోరు కనక అందరూ ఊళ్ళోనే దొరుకుతారు. పండగ హడావుడి కూడా తగ్గి ఉంటుంది. నువ్వు మాత్రం తిరుగు ప్రయాణం 18కి పెట్టుకో. కనుమ సాయంత్రమే బయల్దేరదామనుకుంటే అందరూ భోజనానికి పిలిచేది ఆ రోజే, నువ్వు గడియారం చూసుకుంటూ తినాల్సొస్తుంది.

రైలు టిక్కెట్టు ప్రయాణం తేదీకి 60 రోజుల ముందు పొద్దున్న 8 గంటలకి తెరుస్తారు. 11న ఎక్కాలంటే నవంబరు 12న, తిరిగి 18న రావాలంటే నవంబరు 19న కూర్చోవాలి. ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ ముందే జతచేసి ఉంచు. లేకపోతే బుకింగ్ తెరిచిన తొలి సమయంలో నీకు అవకాశమే ఇవ్వదు. పండగ టిక్కెట్లు అయిపోయేది ఆ కాసేపట్లోనే. ప్రయాణికుల పేర్లూ వయసులూ ముందురోజు రాత్రే ఎక్కించి పెట్టుకో. గౌతమి ఎక్స్‌ప్రెస్ దొరికితే అన్నిటికన్నా సుఖం, రాత్రి ఎక్కితే తెల్లారేసరికి దిగుతావు. గోదావరి ఎక్స్‌ప్రెస్ అయితే అర్ధరాత్రి దాటాక దింపేస్తుంది, పిల్లలతో కష్టం. వెయిటింగ్ లిస్టు టిక్కెట్టు పట్టుకుని ధైర్యంగా ఉండకు. ఆన్‌లైన్లో తీసింది చార్టు వేసేదాకా వెయిటింగ్‌లోనే ఉండిపోతే దానంతటదే రద్దయిపోతుంది, రైలెక్కే హక్కుండదు. తత్కాల్ ముందురోజు ఏసీకి 10 గంటలకి, స్లీపరుకి 11 గంటలకి. దక్షిణ మధ్య రైల్వే పండగ ప్రత్యేక రైళ్ళు ఆలస్యంగా ప్రకటిస్తుంది. డిసెంబరంతా పేపరు చూస్తూ ఉండు. ఇంకో మాట, కొన్ని రైళ్ళు రాజమండ్రితో పాటు గోదావరి స్టేషన్లో కూడా ఆగుతాయి. పుష్కరాల రేవు వైపు దిగేవాళ్ళకి అదే దగ్గర.

కారులో వస్తే 420 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. మామూలు రోజుల్లో ఎనిమిది గంటలు. పండగ ముందు రెండు రోజులూ ఆ లెక్క పనికిరాదు. పంతంగి టోల్ గేటు దగ్గరే బారులు మొదలవుతాయి, తరవాత కొర్లపహాడ్, చిల్లకల్లు. ఫాస్టాగ్‌లో డబ్బు రెండు రోజుల ముందే వేసుకో. గేటు ముందు నిలబడి వేస్తే అది ఎక్కేలోపు మామూలు కన్నా ఎక్కువ కట్టించుకుంటారు. రద్దీ మరీ ఎక్కువైతే సూర్యాపేట నుంచి ఖమ్మం, సత్తుపల్లి, అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం, దేవరపల్లి మీదుగా కొవ్వూరు చేరి గోదావరి దాటొచ్చు. నేను గట్టిగా చెప్పేది మాత్రం మంచు గురించి. జనవరిలో తెల్లవారుజాము నుంచి ఎనిమిది దాకా డెల్టాలో ఎదుటి బండి కనపడదు. మన కాలవగట్టు రోడ్లకి చాలాచోట్ల పక్కన గోడ ఉండదు, మలుపులో నేరుగా కాలవలోకే. చీకట్లోనూ మంచులోనూ గట్టు మీద కారు నడపకు. స్నేహితుడు ఎంత బతిమాలినా రాత్రి పదింటికి పల్లె నుంచి బయల్దేరకు, అక్కడే పడుకో.

ఇక ఫోన్లు. డిసెంబరు మొదటి వారంలోనే అందరికీ చెయ్యి. నేరుగా వాళ్ళకి చేసేముందు, ఊళ్ళోనే ఉండిపోయిన ఒక స్నేహితుణ్ణి పట్టుకుని ప్రతి ఇంటి సంగతీ అడిగి తెలుసుకో. ఎవరి నాన్నగారు పోయారు, ఎవరింట్లో అమ్మాయి పెళ్ళి తప్పింది, ఎవరికీ ఎవరికీ మధ్య మాటల్లేవు. ఇది తెలియకుండా వెళ్ళి "అమ్మగారేరీ?" అని గడపలో అడిగితే ఆ నిమిషం ఎవరికీ మరపు రాదు. ఆ ఏడాదిలో పోయినవాళ్ళున్న ఇంట్లో పండగ చెయ్యరు. ఆ పలకరింపు భోగినాడూ పండగనాడూ పెట్టుకోకు, 12నో 13నో వెళ్ళు. మిఠాయి తీసుకెళ్ళకు, పళ్ళు చాలు. లేచేటప్పుడు "వెళ్ళొస్తాను" అనకూడదు, ఊరికే చెప్పులేసుకుని వచ్చెయ్యాలి. ఇవన్నీ నీకు చిన్నప్పుడు తెలిసినవే, పట్నంలో మర్చిపోయుంటావని రాస్తున్నాను.

పూటకి ఒకటి, మించితే రెండిళ్ళు. ఒక్కో ఇంటికి గంటన్నర తక్కువ కాకుండా. ఏ ఇంట్లో ఏం తింటావో ముందే తేల్చి చెప్పు. "టిఫిను నీ దగ్గర, భోజనం వాడి దగ్గర" అని ఫోన్లోనే చెప్పాలి. గోదావరి జిల్లా వాళ్ళు తినకుండా పంపరు. నువ్వు చెప్పకపోతే నాలుగిళ్ళలోనూ వండుతారు, మూడిళ్ళలో పారేస్తారు, ఆ మూడిళ్ళ ఆడవాళ్ళూ నొచ్చుకుంటారు. షుగరుంటే, మాంసం మానేస్తే అదీ ముందే చెప్పు. కనుమనాడు గారెలూ నాటుకోడి కూరా చేసి పెట్టాక "నేను తినను" అనడం అన్యాయం. పులస పులుసు అడగొద్దు. అది వరద గోదావరి నెలల చేప. జనవరిలో అడిగితే వాడు ఎక్కడో ఐసుపెట్టెలో దాచిందో, పులస పేరు చెప్పి అమ్మే ఇంకో చేపో వేలు పోసి తెస్తాడు.

చేతిలో ఏం పట్టుకెళ్ళాలో అడిగావు. మిఠాయిల ఊరికి మిఠాయి మొయ్యకు. హైదరాబాదు బేకరీ బిస్కెట్లు అరకిలో పెట్టెలు పట్టుకెళ్ళు, పాడవవు, పిల్లలూ పెద్దలూ తింటారు. అందరికీ ఒకే పెట్టె, ఒకే పరిమాణం. ఒకడికి చీరా ఇంకొకడికి బిస్కెట్టూ ఇచ్చావని సాయంత్రానికల్లా ఊళ్ళో తెలిసిపోతుంది. వీటన్నిటికన్నా విలువైంది పాత ఫోటో. మీ కాలేజీ రోజుల ఫోటోలు అట్టపెట్టెలో ఉండే ఉంటాయి. స్కాన్ చేయించి నాలుగు బై ఆరు సైజులో కాగితం మీద అచ్చు వేయించు, మనిషికో కాపీ. వెనకవైపు పెన్సిలుతో పేర్లూ ఏడాదీ రాయి, పెన్ను సిరా ముందుకి ఊరుతుంది. ఫోన్లో చూపించే బొమ్మ అక్కడితో సరి. చేతికిచ్చింది అలమరా అద్దంలో ఏళ్ళ తరబడి ఉంటుంది.

మాటల దగ్గర కొంచెం జాగ్రత్త పడు. అందరూ ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళే అయినా ఇరవై ఏళ్ళలో ఒకడు ఇల్లు కట్టాడు, ఒకడు ఇల్లు అమ్ముకున్నాడు. జీతం, ఫ్లాటు ధర, అమెరికా పిల్లలు, ఈ మూడూ వాళ్ళు అడిగితే ఒక ముక్కలో చెప్పి ఊరుకో. "ఇంకా అద్దింట్లోనేనా", "అమ్మాయికి ఇంకా కాలేదా" అని నువ్వడక్కు. అప్పడిగేవాడు ఒకడైనా ఉంటాడు. తిరిగి రాకపోయినా బాధపడని మొత్తం ఎంతో ఇంట్లోనే అనుకుని బయల్దేరు. అడిగితే అంతవరకే, ఇచ్చాక మళ్ళీ ఆ మాట ఎత్తకు. స్థలం చూపిస్తానని బండెక్కించేవాళ్ళూ ఉంటారు. చూడు, బాగుందను, పండగ వారంలో బయానా మాత్రం ఇవ్వకు. ఆ కాగితాలు చూసే సబ్ రిజిస్ట్రారు ఆఫీసు కూడా అప్పుడు సెలవులోనే ఉంటుంది.

అందరూ కలిసే పూటకి ముక్కనుమ పొద్దున్న మంచిది, పదకొండు నుంచి రెండు దాకా. పెద్ద హోటలు వద్దు. బిల్లు వచ్చినప్పుడు చేతులు జేబుల దగ్గర ఆగిపోయేవాళ్ళు వచ్చేసారి రారు. ఎవరిదైనా డాబా, షామియానా, వంటమనిషి చాలు. మనిషికింతని తక్కువ మొత్తం పెట్టు. తగ్గినది నువ్వు వంటమనిషికి నేరుగా ఇచ్చెయ్యి, ఎవరితోనూ అనకు. మాస్టారుగార్ని పిలుస్తానన్నావు, చాలా మంచి ఆలోచన. ఎనభై దాటినాయన కనక కారు పంపించి మనిషి తోడు పెట్టు. మెట్లెక్కించకు, కింది అంతస్తులో చేతుల కుర్చీ వెయ్యి, మరుగుదొడ్డి దగ్గరుండేలా చూడు. శాలువా, పళ్ళు, పాదనమస్కారం మొదటి అరగంటలోనే కానిచ్చెయ్యి. పన్నెండున్నరకి ఆయనకి భోజనం పెట్టి, ఇంటి దగ్గర దింపాకే మీ కబుర్లు. ప్రసంగాలు వరసపెట్టి ఆయన్ని మూడింటిదాకా ఆకలితో కూర్చోబెట్టడం సన్మానం కాదు.

కోడిపందేల బరికి రమ్మంటారు. పందెం, గుండాట, పేకాట అన్నీ చట్టప్రకారం నేరాలే, జంతుహింస నిరోధక చట్టం కూడా ఉంది. పోలీసులొస్తే చూడ్డానికొచ్చినవాడూ పరిగెత్తాల్సిందే. వెళ్ళకు. దాని బదులు కనుమనాడు అంబాజీపేట దగ్గర జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళు. పదకొండు ఊళ్ళ ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే దేవుణ్ణి నిలిపి భుజాల మీద మోసుకొచ్చే అలంకరించిన పెద్ద చట్రాలు, ఒకచోట చేరతాయి, వాటిని కౌశిక నది దాటించేటప్పుడు చూసి తీరాలి. ఆ రోజు స్నేహితుల పని పొద్దున్నే ముగించుకుని మధ్యాహ్నానికే బయల్దేరు. కారు దూరంగా ఆపి నడవాలి, పిల్లల చెయ్యి వదలకు.

నీ భార్యకీ పిల్లలకీ నీ స్నేహితుల కబుర్లు రెండో ఇంటికే విసుగొస్తాయి. వాళ్ళకి వేరే దారి చూపించు. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, బ్యారేజీ, కడియపులంక నర్సరీలు, సాయంత్రం పుష్కరాల రేవు, మెయిన్ రోడ్డులో రోజ్ మిల్కు. జనవరిలో నర్సరీలు నిండా పూలతో ఉంటాయి. 1900 నుంచి 1997 దాకా రైళ్ళు నడిచిన హేవలాక్ వంతెన పిల్లలకి రేవులోంచే చూపించు, దాని పక్కనే ఆర్చి వంతెన కూడా కనపడుతుంది.

మీరు అద్దెకున్న పాతింటి ముందు నిలబడాలని ఉంటుంది. పగటిపూట, ఒక్కడివే వెళ్ళు. ఇప్పుడున్నవాళ్ళకి ఎవరివో చెప్పి, అరుగు మీద కూర్చోనా అని అడుగు. లోపలికి వాళ్ళు పిలిస్తేనే వెళ్ళు. ఫోటో తియ్యాలంటే అడిగి తియ్యి. మార్చిన వంటింటినీ కొట్టేసిన చెట్టునీ చూసి నొచ్చుకున్నట్టు మాట్లాడకు.

బస స్నేహితులింట్లో కాదు, గది తీసుకో. నవంబరులోనే తీసుకో, పండక్కి ఈ జిల్లాల్లో గదులు మిగలవు. వాళ్ళింట్లో అప్పటికే ఆడపడుచులూ అల్లుళ్ళూ చాపలేసుకుని పడుకుని ఉంటారు. ఖాళీ బ్యాగొకటి వెంట పట్టుకెళ్ళు, ప్రతి ఇంట్లోనూ అరిసెలూ సున్నుండలూ కడతారు. ఆత్రేయపురం పూతరేకులు గట్టి అట్టపెట్టెలో పెట్టించి బ్యాగులో అన్నిటికన్నా పైన ఉంచు. చెమ్మ తగిలితే రేకు అతుక్కుపోతుంది, బరువు పడితే పొడైపోతుంది. అరిసెలు అడుగున వేసినా ఏం కాదు.

తిరిగొచ్చాక వారం లోపల అక్కడ తీసిన ఫోటోలు కూడా అచ్చువేయించి అందరికీ పోస్టులో పంపు. మాస్టారుగారికి కొంచెం పెద్ద సైజు వేయించు, ఆయన కళ్ళకి ఆనాలి కదా.

నవంబరు 12 పొద్దున్న టిక్కెట్టు దొరగ్గానే పీఎన్ఆర్ నంబరు నాకు పంపించు. మీ అత్త నీకోసం జంతికలు చేసి రాజమండ్రి స్టేషనుకి మనిషితో పంపుతానంటోంది, ఏ బోగీయో తెలియాలి.

ఇట్లు,
మావయ్య